వర్జీనియా ఆడనివ్వని కుర్రాడు

1950 ఎండాకాలం. వర్జీనియా రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లో, ఉత్తరం వైపున్న బ్రూక్ ఫీల్డ్ పార్కులో ఉన్నాం. 18 ఎకరాల స్థలం. బేస్‌బాల్ మైదానాలు, ఈతకొలను, బాస్కెట్‌బాల్ కోర్టులు, ఓ పక్కగా నాలుగు టెన్నిస్ కోర్టులు. పార్కు మధ్యలోనే ఓ చిన్న ఇల్లు. ఇంటి గుమ్మం దాటి నాలుగడుగులు వేస్తే టెన్నిస్ కోర్టు. పార్కు బాగోగులు చూసే ఆర్థర్ ఆష్ సీనియర్ తన ఇద్దరు కొడుకులతో ఆ ఇంట్లో ఉంటాడు. ఆ ఏడు మార్చిలోనే భార్య పోయింది. పెద్దకొడుకుకి ఏడో ఏడు. వాడి పేరూ ఆర్థరే.

ఇక్కడ తెల్లవాళ్లు కనబడరు. నల్లవాళ్ల కోసం నగరపాలకులు విడిగా కేటాయించిన పార్కు ఇది. రిచ్‌మండ్‌లో బడి వేరు, ఆసుపత్రి వేరు, సినిమాహాల్లో కూర్చునే చోటు వేరు, ఆఖరికి నీళ్లు తాగే కుళాయి కూడా వేరు. ఆటస్థలం కూడా అంతే.

కోర్టు మీద రాన్ చారిటీ అనే యువకుడు సర్వ్ సాధన చేస్తున్నాడు. పక్కనే ఉన్న వర్జీనియా యూనియన్ విశ్వవిద్యాలయం విద్యార్థి. ఈ చుట్టుపక్కల నల్లజాతి ఆటగాళ్లలో మేటి. కంచె పక్కన ఆ పిల్లవాడు నిలబడి చాలాసేపటి నుంచి చూస్తున్నాడు. పుల్లల్లాంటి కాళ్లు, పుల్లల్లాంటి చేతులు. చారిటీ ఆట ఆపి, నేర్చుకుంటావా అని అడుగుతాడు. రాకెట్ పిడి ఎలా పట్టుకోవాలో చూపిస్తాడు. బంతి నెట్ దాటితే చాలనుకునే వయసు. మొదటి బంతులు దాటవు. పిల్లవాడు మాత్రం కోర్టు వదలడు.

కొన్నాళ్లకి చారిటీ ఈ పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని ఊరికి అటు చివరనున్న బర్డ్ పార్కుకి వెళతాడు. మనమూ ఆ బస్సెక్కుదాం. డ్రైవరు సీటు వెనక నేల మీద తెల్లగీత ఉంది. ఏ చర్మానికి ఎక్కడ చోటో ఆ గీత చెబుతుంది. బర్డ్ పార్కులో బోలెడు టెన్నిస్ కోర్టులు, నగర టోర్నమెంటు జరిగేది అక్కడే. కానీ వీళ్లని ఆడనివ్వరు. వచ్చినదారినే తిరుగుప్రయాణం. పెద్ద గొడవేమీ జరగలేదు. అందుకే నాకు అది మరీ బాధగా ఉంటుంది. అటువైపు ఎవరికీ గొంతు పెంచాల్సిన అవసరమే రాలేదు.

హైస్కూలు పిల్లల రాష్ట్ర టెన్నిస్ పోటీల చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా విజేతల జాబితాతో మొదలుపెడతారు. ఏ ఏడు ఎవరు గెలిచారు, ఫైనల్లో ఎవరిని ఓడించారు, ఎన్నిసార్లు వరసగా గెలిచారు. ఆ జాబితాలంటే నాకూ ఇష్టమే. కానీ వర్జీనియాలో ఆ జాబితా చదివేటప్పుడు ముందుగా అడగాల్సింది వేరే ఉంది. డ్రాలో, అంటే ఎవరు ఎవరితో ఆడాలో చూపే పట్టికలో, పేరు రాయించుకునే హక్కు ఎవరికి ఉండేది?

తెల్లవాళ్ల బడులకు వర్జీనియా హైస్కూల్ లీగ్ ఉంది. అది 1913లో వాదోపవాదాల పోటీలతో మొదలై, క్రమంగా ఆటలకూ పెద్దదిక్కయింది. నల్లవాళ్ల బడులకు అందులో చోటు లేదు. 1954లో వాళ్లు వర్జీనియా ఇంటర్‌స్కొలాస్టిక్ అసోసియేషన్ అని తమకంటూ ఒక సంఘం పెట్టుకున్నారు. బడులను రంగును బట్టి విడదీయడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తీర్పు చెప్పిందీ 1954లోనే. తీర్పు వచ్చింది, వర్జీనియా ప్రభుత్వం మాత్రం అమలు చేయనని మొండికేసింది. పిల్లలను కలిపి కూర్చోబెట్టమని కోర్టు ఒత్తిడి తెస్తే బడినే మూసేస్తామంది. 1958లో అన్నంత పనీ చేసింది. షార్లట్స్‌విల్‌లో లేన్ హైస్కూలుకు నెలల తరబడి తాళం. ఆ ఊరు పేరు గుర్తుంచుకోండి, మళ్లీ అక్కడికే వెళ్లాలి.

అలా ఒకే రాష్ట్రంలో రెండు స్కూలు లీగులు, రెండు లోకాలు. ఒక లీగులోని పిల్లవాడు రెండో లీగులోని పిల్లవాడితో నెట్‌కి అటూ ఇటూ నిలబడే అవకాశం ఒక్కసారి కూడా రాదు.

ఇప్పుడు లించ్‌బర్గ్ వెళదాం. రిచ్‌మండ్‌కి పడమరగా, కొండల అంచున ఉన్న ఊరు. పియర్స్ వీధిలో డాక్టర్ రాబర్ట్ వాల్టర్ జాన్సన్ ఇల్లు. అదే వీధిలో కాస్త దూరంలో కవయిత్రి ఆన్ స్పెన్సర్ ఇల్లూ, ఆమె పూలతోటా ఉన్నాయి. చిన్న ఊళ్లో ఒక్క వీధికి ఇంత భాగ్యం దక్కడం అరుదు. డాక్టర్ గారి ఇంటి పెరట్లో మట్టి కోర్టు ఉంది. రాత్రిపూట ఆడటానికి దీపాలు కూడా బిగించాడు. జాన్సన్ కాలేజీ రోజుల్లో ఫుట్‌బాల్ వీరుడు, సుడిగాలి అని పేరు. లించ్‌బర్గ్ జనరల్ హాస్పిటల్‌లో వైద్యం చేసే హక్కు సంపాదించిన తొలి నల్లజాతి వైద్యుడు. నడివయసుకు దగ్గరపడ్డాకే టెన్నిస్ పట్టుకున్నాడు, ఆ పిచ్చి మళ్లీ వదల్లేదు.

నల్లజాతి టెన్నిస్ క్రీడాకారిణి ఆల్తియా గిబ్సన్‌ను వెలికితీసి పెంచిన ఇద్దరు డాక్టర్లలో ఈయన ఒకడు. రెండోవాడు విల్మింగ్టన్‌లోని హ్యూబర్ట్ ఈటన్. ఆ కథ అందరికీ తెలుసు. 1957లో ఆల్తియా వింబుల్డన్ గెలిచింది. అయితే డాక్టర్ గారి గుండెలో ముల్లులా మిగిలినది వేరే ఒకటుంది. షార్లట్స్‌విల్‌లోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఆ రోజుల్లో ఏటా జాతీయ ఇంటర్‌స్కొలాస్టిక్ టెన్నిస్ పోటీలు జరిగేవి. దేశం నలుమూలల నుంచి బడిపిల్లలు వచ్చేవారు. 1891 నుంచీ ఉన్న పోటీ అది. తొలి విజేత రాబర్ట్ రెన్ తర్వాత అమెరికా జాతీయ సింగిల్స్‌ను నాలుగుసార్లు గెలిచాడు. అంటే అది బడిపిల్లల పోటీయే అయినా, పెద్ద టెన్నిస్‌కి తలుపు లాంటిది. ఆ పోటీని కళ్లారా చూసిన జాన్సన్, నల్లజాతి పిల్లలకూ అవకాశమివ్వమని నిర్వాహకుల్ని అడిగాడు. ఒప్పుకున్నారు. 1951లో ఇద్దరు కుర్రాళ్లను తీసుకెళ్లాడు. ఇద్దరూ మొదట్లోనే చిత్తుగా ఓడిపోయారు.

ఓడిపోయినందుకు ఆయన ఆ పిల్లల్ని తప్పుపట్టలేదు. తప్పు ఎక్కడుందో ఆయనకు తెలుసు. వాళ్లకు మంచి కోర్టులు దొరకలేదు, మంచి ప్రత్యర్థులు దొరకలేదు, ఏడాదికి సరిపడా టోర్నమెంట్లు దొరకలేదు. వాళ్లకంటే మెరుగైనవాళ్లతో ఆడనివ్వకుండా పెంచి, పోటీకి రాగానే మీరు సరిపోరని తేల్చడం న్యాయం కాదు. కాబట్టి ఆ దొరకనివన్నీ తన పెరట్లోనే దొరికేలా చేయాలనుకున్నాడు. ప్రతి ఎండాకాలం కొందరు పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని, తిండిపెట్టి, తర్ఫీదు ఇవ్వడం మొదలుపెట్టాడు. ఖర్చులో ఎక్కువ భాగం ఆయన జేబులోంచే.

1953 ఎండాకాలం. చారిటీ మాట మీద పదేళ్ల ఆర్థర్ ఈ ఇంటికి వచ్చాడు. మనమూ పెరట్లోకి నడుద్దాం. పొద్దున్నే పని. వయసులో చిన్నవాడు కాబట్టి పనుల్లో వంతు ఎక్కువ. కుక్కలకు తిండి పెట్టాలి, పొదలు కత్తిరించాలి, గులాబీ మొక్కల దగ్గర కలుపు తీయాలి, కోర్టు మట్టిని చదును చేయాలి. ఆ తర్వాతే రాకెట్. అదీ ముందు రాకెట్ కాదు, చీపురుకట్ట కర్ర. తాడుకు వేలాడదీసిన బంతిని ఆ సన్నటి కర్రతో కొట్టాలి. కన్ను బంతి మీద నుంచి ఒక్క క్షణం తప్పినా కర్ర గాల్లో తిరిగొస్తుంది. గంటల తరబడి అదే పని. ఆ కర్రతో సరిగ్గా కొట్టగలిగినవాడికి రాకెట్ చేతికొస్తే, పెద్ద జల్లెడ పట్టుకున్నట్టే ఉంటుంది.

మొదటి వారాల్లో ఒక చిక్కు వచ్చింది. డాక్టర్ గారి కొడుకు బాబీ ఒక షాట్ ఎలా కొట్టాలో చెబితే, చారిటీ గారు అలా చెప్పలేదని ఆర్థర్ మొండికేశాడు. డాక్టర్ రిచ్‌మండ్‌కి ఫోన్ చేశాడు. తండ్రి కారులో వచ్చాడు. ఆయనది గట్టి క్రమశిక్షణ. బడి నుంచి ఇంటికి నడవడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో లెక్కగట్టి, ఆ సమయం దాటితే సంజాయిషీ అడిగే మనిషి. డాక్టర్ గారు చెప్పినట్టు నడుచుకోవాలని కొడుక్కి చెప్పి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆర్థర్ ఎదురు చెప్పలేదు.

కోర్టులో ఆట మొదలైంది. మనం లైను పక్కనే నిలబడి ఉన్నాం, బాగా గమనించండి. ప్రత్యర్థి కొట్టిన బంతి గీత దాటి, ఓ అంగుళం బయట పడింది. మనకే స్పష్టంగా కనబడింది. ఆర్థర్ దాన్ని లోపల పడినట్టే తీసుకుని తిరిగి కొట్టాడు. పొరపాటు కాదు, అది ఈ పెరటి చట్టం. గీతకు రెండంగుళాల లోపు బయట పడ్డ బంతినల్లా లోపల పడినట్టే ఆడాలి. వైపులు మారేటప్పుడు ప్రత్యర్థి సర్వ్ చేయాల్సి ఉంటే బంతులు ఏరి అతని చేతికివ్వాలి. అంపైరు తీర్పు తప్పయినా నోరెత్తకూడదు. రాకెట్ విసిరికొట్టకూడదు. ముఖంలో కోపం కనబడకూడదు.

ఈ నియమాల్ని కొందరు మంచి మర్యాద కింద మెచ్చుకుంటారు. నాకు అవి వింటే గొంతు పట్టేస్తుంది. బడిపిల్లల టోర్నమెంట్లలో మొదటి రౌండ్లకు అంపైర్లు ఉండరు. ఎవరి వైపు గీతల్ని వాళ్లే చూసి చెప్పుకోవాలి. అలాంటి చోట ఒక నల్లజాతి కుర్రాడు బయట పడ్డ బంతిని బయట అన్నా, మోసం చేశాడనే మాట పుట్టడానికి అరనిమిషం చాలు. ఆ ఒక్క మాటతో మరో పదేళ్లు తలుపులు మూసేయొచ్చు. అందుకే డాక్టర్ ఆ పిల్లలకు ఫోర్‌హ్యాండ్‌తో పాటు, తమకు రావాల్సిన పాయింట్లు వదులుకోవడం కూడా నేర్పాడు. అటువైపు కుర్రాడి కోర్టు మామూలు కొలతే, ఈ పిల్లవాడు కాపాడుకోవాల్సిన కోర్టు మాత్రం అన్ని వైపులా రెండంగుళాలు పెద్దది. ఆ అదనపు మేరతో ఆడి గెలవాలంటే ఎంత మెరుగ్గా ఉండాలో డాక్టర్ లెక్కవేసుకున్నాడు, అంత మెరుగ్గా తయారుచేయడానికి పూనుకున్నాడు.

ఎండాకాలం వెనక ఎండాకాలం గడిచింది. డాక్టర్ కారులో పిల్లల్ని ఎక్కించుకుని టోర్నమెంట్లకు తిప్పుతాడు. దారిలో చాలా హోటళ్లు వీళ్లకు గది ఇవ్వవు, నల్లజాతి కుటుంబాల ఇళ్లలో పడుకోవాలి. 1958లో మేరీల్యాండ్ బాలుర పోటీల్లో ఆర్థర్ ఆడాడు. అక్కడ అడుగుపెట్టిన తొలి నల్లజాతి కుర్రాడు అతనే. పక్క రాష్ట్రం తలుపు తీసింది. సొంత రాష్ట్రం తీయలేదు.

రిచ్‌మండ్‌లో ఆర్థర్ చదివేది మ్యాగీ వాకర్ హైస్కూల్లో. బడికి ఆ పేరు అమెరికాలో బ్యాంకు స్థాపించిన తొలి నల్లజాతి మహిళది. 1960 ఫిబ్రవరిలో వర్జీనియా యూనియన్ విద్యార్థులు నగరం నడిబొడ్డున థాల్‌హైమర్స్ దుకాణంలోకి వెళ్లి, తెల్లవాళ్లకు మాత్రమే వడ్డించే బల్లల దగ్గర కూర్చున్నారు. 34 మందిని పోలీసులు పట్టుకెళ్లారు. ఊరు మారక తప్పదని తెలుస్తూనే ఉంది. కానీ హైస్కూలు ఆటగాడికి కాలం ఆగదు. పదిహేడేళ్లొస్తే ఇంకొక్క ఏడాదే మిగులుతుంది. చలికాలం వస్తే రిచ్‌మండ్‌లో కప్పు కింద ఆడే కోర్టులు అతనికి అందవు. ఎండాకాలంలో ఎంత నేర్చినా, చలికాలంలో తెల్లకుర్రాళ్లు ఇంకో మెట్టు ఎక్కేస్తారు.

డాక్టర్ తన పాత మిత్రుడు రిచర్డ్ హడ్లిన్‌తో మాట్లాడాడు. హడ్లిన్ మిస్సోరి రాష్ట్రం సెయింట్ లూయిస్‌లో సమ్నర్ హైస్కూలు టీచరు, టెన్నిస్ కోచ్. 1920లలో షికాగో విశ్వవిద్యాలయ జట్టుకు కెప్టెన్. సెయింట్ లూయిస్ నగర కోర్టుల టెన్నిస్ సంఘం నల్లవాళ్లను దూరం పెడితే 1945లో దావా వేసిన మనిషి. ఆయన తన ఇంట్లో ఆర్థర్‌కు చోటిచ్చాడు. తండ్రి ఒప్పుకున్నాడు. హైస్కూలు ఆఖరి ఏడాది, స్నేహితులందరినీ, ఇంటినీ వదిలేసి, టెన్నిస్ ఆడుకోవడానికి ఒక పిల్లవాడు రాష్ట్రాలు దాటి వెళ్లిపోయాడు.

సెయింట్ లూయిస్‌లో చలి. ఆర్మరీ అనే పెద్ద సైనిక భవనంలోకి రండి. ఎత్తైన కప్పు, కింద నున్నటి చెక్క నేల. బంతి పడిన చప్పుడు గోడలకు తగిలి తిరిగొస్తోంది. లించ్‌బర్గ్ మట్టి మీద బంతి నెమ్మదిగా లేస్తుంది, వెనక నిలబడి ఓపిగ్గా ఆడొచ్చు. ఇక్కడ బంతి నేల మీద పడి కిందుగా జారుకుపోతుంది. రాకెట్‌ను పెద్దగా వెనక్కి తీసేంత వ్యవధే లేదు. చేయి ఊపు కుదించాలి. సర్వ్ గట్టిగా కొట్టి, వెంటనే నెట్ మీదకు పరుగెత్తాలి. వర్జీనియాలో ఓపిక నేర్చుకున్న కుర్రాడు ఇక్కడ దూకుడు నేర్చుకున్నాడు. అవతలివైపు ఆడేవాళ్లలో క్లిఫ్ బుక్‌హోల్జ్ లాంటి ఆ ఊరి మేటి కుర్రాళ్లు ఉన్నారు. రిచ్‌మండ్‌లో తన ఈడు తెల్ల ఆటగాడితో అతనికి సాధన మ్యాచ్ కూడా దొరికేది కాదు.

ఆ ఏడాది సంతోషంగా గడవలేదని ఆష్ తర్వాత రోజుల్లో చెప్పుకున్నాడు. చదువు, సాధన, పరుగు, నిద్ర, అంతే. అయినా సమ్నర్‌లో మార్కుల్లో ముందు నిలిచాడు. 1960లోనే జాతీయ జూనియర్ ఇండోర్ టైటిల్ గెలిచాడు.

ఇక 1961 వేసవికి షార్లట్స్‌విల్ చేరుకుందాం. ఎర్ర ఇటుక గోడలు, తెల్లటి స్తంభాలు, జెఫర్సన్ కట్టించిన విశ్వవిద్యాలయం. ఇక్కడ అండర్‌గ్రాడ్యుయేట్ డిగ్రీ తీసుకున్న తొలి నల్లజాతి విద్యార్థి రాబర్ట్ బ్లాండ్ పట్టా పుచ్చుకుని రెండేళ్లే అయింది. ఊళ్లో లేన్ హైస్కూలు తలుపులు మళ్లీ తెరిచారు. కానీ దక్షిణాన ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో ప్రభుత్వ బడులు 1959 నుంచి మూసే ఉన్నాయి, ఇంకో మూడేళ్లు అలాగే ఉంటాయి. మే నెలలో, బస్సు ప్రయాణాల్లో రంగు విభజనను ధిక్కరిస్తూ బయల్దేరిన ఫ్రీడమ్ రైడర్ల బస్సులు రిచ్‌మండ్ మీదుగా, లించ్‌బర్గ్ మీదుగా దక్షిణానికి పోయాయి. వాటిలో ఒకదాన్ని అలబామాలో తగలబెట్టారు.

ఈ గాలిలో ఇంటర్‌స్కొలాస్టిక్ పోటీలు మొదలయ్యాయి. డ్రాలో ఆర్థర్ ఆష్ పేరు పక్కన బడి పేరు చూడండి. సమ్నర్ హైస్కూల్, సెయింట్ లూయిస్, మిస్సోరి. అతను పుట్టిన ఊరు ఇక్కడికి వంద కిలోమీటర్ల పైచిలుకు, అంతే. కారెక్కితే రెండు గంటలు పట్టదు. అయినా ఇక్కడ అతను వేరే రాష్ట్రం కుర్రాడిగా ఆడుతున్నాడు.

తెల్ల బట్టలు, కళ్లద్దాలు, సన్నటి నడుము. సర్వ్ చేసేటప్పుడు బంతి పైకి ఎగరేసి, ఒళ్లంతా విల్లులా వంచి, పై నుంచి కొరడాలా దించుతాడు. బంతి అటువైపు చేరేసరికి అతను సగం కోర్టు దాటేశాడు. వాలీ. పాయింట్. ముఖంలో గెలుపు లేదు, ఓటమి లేదు. పాయింటు పోయినా అదే ముఖం. ఆ ముఖం తయారవడానికి లించ్‌బర్గ్ పెరట్లో ఎన్ని ఎండాకాలాలు పట్టాయో చూశాం కదా. ఒక రౌండు దాటాడు, ఇంకొకటి దాటాడు. రౌండు రౌండుకీ డ్రా కాగితం మీద అతని పేరు కుడివైపు జరుగుతోంది. చివరి గడిలోనూ ఆ పేరే రాశారు. జాతీయ ఇంటర్‌స్కొలాస్టిక్ సింగిల్స్ గెలిచిన తొలి నల్లజాతి విద్యార్థి.

1951లో డాక్టర్ ఇద్దరు పిల్లల్ని తీసుకొచ్చి, తలవంచుకుని వెళ్లిన పోటీ ఇదే. జాన్సన్ లెక్క సరిపోవడానికి పదేళ్లు పట్టింది. టెన్నిస్ చరిత్రలో వింబుల్డన్ ఫైనళ్ల గురించి ఎంతో రాశారు, రాయాల్సిందే. నాకు మాత్రం ఈ బడిపిల్లల పోటీ అంతకన్నా తక్కువది కాదు. ఇక్కడ గెలవకపోతే మిగతా మెట్లకు దారి దొరకడం ఎంతో కష్టమయ్యేది. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం స్కాలర్‌షిప్ ఇచ్చింది. 1963లో అమెరికా డేవిస్ కప్ జట్టులో చేరిన తొలి నల్లజాతి ఆటగాడయ్యాడు. 1965లో విశ్వవిద్యాలయాల జాతీయ సింగిల్స్ గెలిచాడు. 1966 ఫిబ్రవరిలో రిచ్‌మండ్ నగరం ఆర్థర్ ఆష్ దినోత్సవం జరిపి సన్మానించింది. 1968లో యుఎస్ ఓపెన్ గెలిచినప్పుడు అతను సైన్యంలో లెఫ్టినెంట్. 1975లో వింబుల్డన్ ఫైనల్లో జిమ్మీ కానర్స్‌ను ఓడించాడు.

బ్రూక్ ఫీల్డ్ ఇప్పుడు లేదు. కోర్టులు, ఇల్లు తీసేసి అక్కడ తపాలా కార్యాలయం కట్టారు. బర్డ్ పార్కు పక్కగా పోయే పెద్ద వీధికి 2019లో ఆర్థర్ ఆష్ బులవార్డ్ అని పేరు పెట్టారు.

రాష్ట్ర పోటీల సంగతి చెప్పాలి. నల్లజాతి బడుల సంఘం 1969లో వర్జీనియా హైస్కూల్ లీగ్‌లో కలిసిపోయింది. ఆ తర్వాతే రాష్ట్రంలో ఏ బడి పిల్లవాడైనా ఒకే డ్రాలో పేరు రాయించుకోగలిగాడు. అప్పటికి డాక్టర్ జాన్సన్‌కు డెబ్బై ఏళ్లు. ఆయన పెరట్లో కలుపు తీసిన పిల్లవాడు యుఎస్ ఓపెన్ గెలిచి ఏడాది అయింది.